ఒంటిచేతి విమానం

పామర్రు,
2-8-1973

ప్రియమైన బావ శౌరయ్యకు,

లాజరు వ్రాయునది. నేనూ, మీ చెల్లెలు అమలమ్మా ఇక్కడ క్షేమం. బెజవాడలో నువ్వూ, చెల్లెమ్మ తెరేసమ్మా క్షేమమని తలుస్తాను.

నేను విమానం కడుతున్న సంగతి బస్సు కండక్టరు చెబితేగాని నీకు తెలియలేదని నిష్ఠూరమాడావట. నిజమే, నేను చెప్పలేదు. చెబితే వస్తావు. వస్తే ఊరుకోవు, చెయ్యి వేస్తావు. నీ చెయ్యి పడిన పనికి నా పేరు మిగలదు.

రెండేళ్ళుగా రత్తయ్య గారి పాత ధాన్యం కొట్టులో కడుతున్నాను. రెక్కలయ్యాయి, తోక అయింది, గుడ్డ అతికి రంగు కూడా వేశాను. ఇక మిగిలింది ఇంజను. మద్రాసులో ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళ పాత సామాను వేలంలో దొరికింది. కింటాలు పైనే తూగుతుంది. దాన్ని నేనొక్కణ్ణే ఎత్తి విమానం ముక్కుకి బిగిస్తాను.

ఎందుకొక్కడివే అంటావు. ఎయిర్‌ఫోర్సులో ఏడేళ్ళు, ఇంకొకళ్ళు బిగించే ఇంజన్లకి లైటు పట్టుకు నిలబడ్డాను. ఆ తరవాత నీతో కలిసి పులిగడ్డ రేవుకి ఇంజను పడవ కట్టాను. పడవ నువ్వు కట్టావు, ఇంజను నేను బిగించాను. నీళ్ళలోకి దించిన రోజున ఫాదర్ గారు దండ తెచ్చి నీ మెళ్ళో వేశారు. దండ తెచ్చిన పళ్ళెం నా చేతికిచ్చారు. పదకొండేళ్ళయింది. ఇప్పటికీ ఆ రేవులో దాన్ని శౌరయ్య పడవ అనే అంటారు. నాకు కోపమేమీ లేదు. ఉంటే రాసేవాణ్ణి.

ఆదివారం పూజ అయ్యాక గుడి ముందు అందరూ వినేలా చెప్పాను. ఇంజను బిగించేటప్పుడు ఇంకొక మనిషి సాయం పట్టినా, సలహా చెప్పినా, ఆ విమానాన్ని విరిచి పొయ్యిలో పెడతానని. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి ఆకాశం మీద వచ్చి మేరీమాతకు దణ్ణం పెట్టుకుంటానని మొక్కుకున్నాను కూడా. కాబట్టి నువ్వు రావద్దు.

ఇట్లు,
లాజరు

* * *

రైల్వే కాలనీ, విజయవాడ,
11-8-1973

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం అందింది. కోపం లేదని చెప్పడానికి ఒక పేజీ పట్టిందంటే, ఉంటే ఎన్ని దస్తాలు అయ్యేవో అనుకుంది తెరేసమ్మ.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందిట. నీ సైకిలు బ్రేకు పడదని పామర్రు అంతా నీకు దారి ఇస్తుంది. అటువంటివాడివి ఆకాశంలో కూర్చుంటానంటే నాకు నవ్వు రావాలి. రావడం లేదు. నాకున్నది ఒక్కతే చెల్లెలు, దానికున్నది నువ్వొక్కడివే. చత్వారం వచ్చి నా ఉత్తరాలు దానిచేత చదివించుకుంటున్నావని నాకు తెలుసు. అక్షరం కనపడనివాడికి అంత ఎత్తు నుంచి నేల ఏం కనపడుతుంది?

ఇంతకీ ఢిల్లీకి అర్జీ పెట్టావా? పర్మిషన్ లేకుండా ఎగిరితే దిగీ దిగగానే పోలీసులు వస్తారు. నువ్వు దిగితేనే అనుకో.

బస్సు మీద ఒక పార్సిలు పంపుతున్నాను. బరువులెత్తే చైన్ బ్లాకు. మా రైల్వే షెడ్డుది కాదు, నా సొంతానిది. పంపుతున్నది అమలమ్మకు, నీకు కాదు. ఆడపడుచుకి పుట్టింటివాళ్ళు ఏమైనా పెట్టుకోవచ్చు.

ఇట్లు,
శౌరయ్య

* * *

పామర్రు,
30-9-1973

ప్రియమైన బావకు,

చైన్ బ్లాకు అందింది. చీరలు, సారెలు పెట్టే పుట్టిళ్ళు చూశాను గానీ చైన్ బ్లాకు పెట్టినవాణ్ణి నిన్నే చూశాను. అది అమలమ్మ సొత్తు. ఆమె దగ్గర నేను అడిగి వాడుకుంటున్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య వాడకం సాయం కిందికి రాదు.

అది వేలాడదీయడానికి మూడు సరుగుడు బాదులు కావాల్సొచ్చాయి. రత్తయ్య గారి దొడ్లో పడున్నాయి. పడున్నవాటిని తెచ్చుకోవడం కూడా సాయం కాదు. అవి మోసింది ఆయన పాలేర్లే గానీ కొట్టు గుమ్మం దాకానే మోశారు. గుమ్మం లోపలికి నేనే లాక్కున్నాను.

ఢిల్లీకి అర్జీ రెండేళ్ళ క్రితమే పెట్టాను. తమరి విమానం పరిశీలనలో ఉన్నది అని జవాబు వచ్చింది. అప్పటికి నేను మేకు కూడా కొట్టలేదు. వాళ్ళు ఏ విమానాన్ని పరిశీలిస్తున్నారో నాకు తెలియదు.

చత్వారం సంగతి ఎత్తావు. చత్వారం దగ్గరి చూపుకే. దూరం నాకు బ్రహ్మాండంగా కనపడుతుంది. ఆకాశంలో చదవడానికి ఏముంది?

ఒక హెచ్చరిక. నీ ఉత్తరంలో ఇంజను మాట వస్తే అక్కడితో ఆపి, ఆ ముక్క చదవకుండా దాచెయ్యమని అమలమ్మతో ఒట్టు వేయించుకున్నాను. సలహా చెవిన పడితే నా మొక్కు చెడుతుంది. అమలమ్మకూ అదే షరతు. తనకు ఏం తోచినా నాకు చెప్పకూడదు. కాబట్టి క్షేమసమాచారాలు మాత్రమే రాయి.

ఇట్లు,
లాజరు

* * *

విజయవాడ,
21-10-1973

ప్రియమైన బావకు,

అలాగే. క్షేమసమాచారాలే రాస్తున్నాను.

తెరేసమ్మకు నడుం నొప్పిగా ఉంది. డాక్టరు గారు చెప్పిందేమిటంటే, బరువు తగిలించుకునేటప్పుడు నాలుగు వైపులా సమంగా, వదులు వదులుగా పట్టాలట. ఆత్రపడి మూడు చోట్ల బిగించేసి నాలుగోది తరవాత చూద్దామంటే, ఆ నాలుగోది ఈ జన్మలో దాని కన్నంలోకి రాదట. నడుం సంగతే చెబుతున్నాను. ఇందులో ఇంజను మాట లేదు కనక అమలమ్మ చదవవచ్చు.

రైళ్ళన్నీ దీపావళి రద్దీతో నిండి ఉన్నాయి. మిగతా అంతా క్షేమం.

ఇట్లు,
శౌరయ్య

* * *

పామర్రు,
19-11-1973

ప్రియమైన బావకు,

తెరేసమ్మ నడుం నొప్పి తగ్గిందని తలుస్తాను. ఆ ఉత్తరం మూడు రోజులు ముందు వచ్చి ఉంటే బాగుండేది. నడుం సంగతే చెబుతున్నాను.

ఇంజను ఎక్కింది బావా! నేనొక్కణ్ణే ఎక్కించాను.

ఎలాగో విను. ఆ మూడు బాదులూ కలిపి నిలబెట్టిన ముక్కాలికి చైన్ బ్లాకు కట్టి ఇంజనుని లేపాను. గొలుసు ఒక చేత్తో లాగుతూ, ఇంకో చేత్తో ఇంజను ఊగకుండా పట్టుకుంటూ, వీపుతో విమానాన్ని ముందుకి నెట్టుకుంటూ తెచ్చాను. విమానం ముక్కుకి నాలుగు పైపుల ఫ్రేము ఉంటుంది, నాలుగు మూలలా నాలుగు బోల్టులు. మూడు సుఖంగా వెళ్ళాయి. సంతోషం పట్టలేక మూడూ బిగించేశాను. నాలుగోది గోరంత పక్కకి ఉండిపోయింది. గోరంతే. సుత్తి వెయ్యబుద్ధి అయింది గానీ వెయ్యలేదు. రెండు రోజులు దాని ముందు కూర్చుని చూశాను. మూడో రోజున మూడూ వదులు చేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి నాలుగూ దొరల్లా దిగాయి.

వెనక రేకుకీ ఇంజనుకీ మధ్య సందులో నట్టు పట్టుకోవడానికి నా చెయ్యి పట్టలేదు. అమలమ్మ గాజులు తీసేసి చెయ్యి పెట్టింది. నాలుగు నట్లూ అలాగే పట్టుకుంది, నట్లు ఊడకుండా పెట్టే పిన్నులు కూడా తనే దూర్చి వంచింది. రెంచి తిప్పింది మాత్రం నేనే. రెంచి పట్టుకుంటే సాయమంటారు గానీ నట్టు పట్టుకోవడం ఏముంది, ఇంట్లో పనిలాంటిదే. గుమ్మం బయట పాతికమంది చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. అలా కట్టుకోవాలని షరతు పెట్టాను. ఒక్కడు కూడా సాయం రాలేదని రేపు వాళ్ళే సాక్ష్యం.

ముందు తిరిగే పంకా కోసం కొండపల్లి హనుమయ్యకు కార్డు రాశాను. బొమ్మలు చెక్కే హనుమయ్య. చెక్క పనిలో అతన్ని మించినవాడు ఈ జిల్లాలో లేడు. పొడవు, మందం, వంపు అన్నీ గీసి, కుడి వైపుకి తిరగాలి అని స్పష్టంగా రాశాను. టేకుతో చెయ్యమన్నాను. ఒక ఏనుగు బొమ్మకి పట్టే శ్రద్ధ పడితే చాలునన్నాను.

ఇట్లు,
లాజరు

* * *

విజయవాడ,
2-12-1973

ప్రియమైన బావకు,

ఇంజను ఎక్కినందుకు నిజంగా సంతోషించాను. మా షెడ్డులో ఆరుగురం కలిసి చేస్తాం ఆ పని, ఆరుగురమూ ఒకర్నొకరు తిట్టుకుంటూ. క్రిస్మస్ పండక్కి మీ ఇద్దరికీ మా శుభాకాంక్షలు. తెరేసమ్మ అరిసెలు పంపుతోంది.

ఇక రెండో పేజీ. అమలమ్మా, ఇది చదవమ్మా, ఒట్టు పాపం నా మీద పెట్టుకుంటాను.

బావా, కుడి అంటే ఎటు నుంచి కుడి? నువ్వు పొలాల్లో ఆయిలు ఇంజన్లు బాగు చేసేవాడివి. చక్రానికి ఎదురుగా నిలబడి కుడి అంటావు. మా రైల్వేలో డ్రైవరు సీట్లో కూర్చుంటే ఏది కుడో అదే కుడి, ఎదురుగా నిలబడినవాడి కుడితో మాకు పని లేదు. హనుమయ్య లెక్క ఏదో నాకు తెలియదు, నీకూ తెలియదు. వెంటనే కనుక్కో. ఒక్కడే పని చేస్తే వచ్చే ఇబ్బంది బలం చాలకపోవడం కాదు బావా. రెండో వైపు నిలబడి, అది కుడి కాదురా అని పోట్లాడేవాడు ఉండడు.

ఇంకొకటి. ఇది పదకొండేళ్ళ క్రితం చెప్పవలసింది. ఆ రోజు రేవులో దండ మెళ్ళో పడ్డప్పుడు, ఇంజను మా బావ బిగించాడు ఫాదర్ గారూ అని ఒక్క మాట నోటి దాకా వచ్చింది. మింగేశాను. బంతిపూల వాసన బాగుంది, అందరూ నన్నే చూస్తున్నారు. నువ్వు పళ్ళెం పట్టుకుని నవ్వుతూ నిలబడ్డావు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. ఆ పడవ నా పేరుతో తిరిగిన ప్రతి ఏడూ నాకు సిగ్గేసింది, అయినా నోరు విప్పలేదు. తప్పు నాది. నువ్వు ఆ కోపంతో ఆకాశంలోకి వెళ్ళి నా చెల్లెల్ని ఒంటరిదాన్ని చేస్తే, ఆ పాపం కూడా నాదే అవుతుంది. ఎగరొద్దు బావా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఇట్లు,
శౌరయ్య

* * *

పామర్రు,
27-12-1973

ప్రియమైన బావకు,

పండగ బాగా జరిగింది. అరిసెలు అందాయి, కొంచెం గట్టిగా ఉన్నాయని అమలమ్మ అంది, నేను అనలేదు.

నీ ఉత్తరం మొదటి పేజీ చదివించుకున్నాను. రెండో పేజీ దగ్గర అమలమ్మ ఆగిపోయి, ఇందులో ఇంజను ఉందండీ, చదవమంటారా అంది. ఒట్టు ఒట్టేనన్నాను. తను ఒక్కతే చదువుకుని, కళ్ళు తుడుచుకుని, మడిచి పెట్టెలో పెట్టింది. ఏముందే అంటే, మా అన్నయ్య దస్తూరీ పాడైంది అంది. ఆడవాళ్ళు దస్తూరీకి కూడా ఏడుస్తారు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ బావా. నేను వినదలుచుకోలేదు. మేమిద్దరం క్షేమం.

ఇట్లు,
లాజరు

* * *

పామర్రు,
8-2-1974
(కార్డు)

బావకు,

కొండపల్లి నుంచి పంకా ఈ రోజే వచ్చింది. అద్దంలా ఉంది. హనుమయ్య తన తృప్తి కొద్దీ లక్క రంగు వేసి, అంచులకి ఎరుపూ పసుపూ చారలు తీర్చాడు. అంబారీ ఏనుగులా ఉంది, నాకు నచ్చింది. రత్తయ్య గారు నా కోసం ఒక పొలం చెక్కలో మినుములు చల్లకుండా ఉంచారు. ఎల్లుండి ఆదివారం, పూజ అయ్యాక ఎగురుతాను. ఫాదర్ గారు దండతో వస్తున్నారు. నువ్వు రావచ్చు, చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నిలబడే పనైతే.

లాజరు

* * *

విజయవాడ,
9-2-1974
(కార్డు)

బావకు,

తిరునాళ్ళ స్పెషళ్ళు. షెడ్డులో అందరి సెలవులూ రద్దు. రాలేను. వచ్చి నీ విమానం తోక పట్టుకుని వేలాడదామనుకున్నాను. నువ్వు గుణదల రాకపోతే మేరీమాత ఏమీ అనుకోదు. అమలమ్మను చూసుకో.

శౌరయ్య

* * *

పామర్రు,
12-2-1974

ప్రియమైన బావకు,

నేను బతికే ఉన్నాను. విమానం కూడా చాలా వరకు ఉంది.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇంజను బిగింపులో ఏ లోపమూ లేదు. ఒక్క నట్టు కదల్లేదు, ఒక్క పిన్ను జారలేదు. ఇది ఊరంతా చూసింది.

ఆదివారం పూజ అయ్యాక విమానాన్ని ఆ చెక్కలోకి తెచ్చాం. అంటే తెచ్చాను. ఎండ కళ్ళల్లో పడుతుందండీ, తోక గడ్డివాము వైపు పెట్టండి అంది అమలమ్మ. ఎండ సంగతి ఇంజను సంగతి కాదు గదా అని ఒప్పుకున్నాను. ముందుకి ఉరకకుండా చక్రాల ముందు రెండు పెద్ద రాళ్ళు పెట్టి, ఎక్కాక లాగేసుకునేందుకు వాటికి తాళ్ళు కట్టాను. పంకా నేనే తిప్పాను. మూడో తిప్పుకి ఇంజను అందుకుంది. బావా, ఆ చప్పుడు! ఏడేళ్ళు లైటు పట్టుకుని విన్న చప్పుడు అది. ఈసారి అది నాది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఎక్కి కూర్చున్నాను. ఫాదర్ గారు దండ సవరించుకుంటున్నారు. మేరీమాతను తలుచుకుని జోరు పెంచాను.

విమానం వెనక్కి వెళ్ళింది.

రాళ్ళు ముందున్నాయి, వెనక ఏమీ లేదు. నేను ఇంకా జోరు పెంచాను, ఆగుతుందేమోనని. అది ఇంకా జోరుగా వెనక్కి వెళ్ళింది. జనం ముందుకి పరిగెత్తుకొస్తున్నట్టు కనపడ్డారు, నిజానికి నేనే దూరం పోతున్నాను. గడ్డివాములోకి తోకతో సహా నడుం దాకా దిగబడింది. ఇంజను ఆపి కూర్చున్నాను. నెత్తి మీద గడ్డి పడుతూనే ఉంది. అప్పుడు రత్తయ్య గారు, లాజరూ, ఎక్కడికయ్యా అన్నారు.

నాకు దెబ్బ తగల్లేదు. తోక కర్ర ఒకటి విరిగింది. ఫాదర్ గారు పాపం ఏం చెయ్యాలో తోచక దండ తెచ్చి నా మెళ్ళోనే వేశారు. పదకొండేళ్ళు ఎదురుచూసిన దండ. మెడ అంతా గడ్డి గుచ్చుకుంటూ ఉంటే వాసన కూడా తెలియలేదు.

నిన్న తిరునాళ్ళకి రాలేదు. కొండపల్లి వెళ్ళాను. హనుమయ్య నా కార్డు తీసి చూపించాడు. ‘కుడి అని రాశారు, కుడే చెక్కానండీ. దేవుడి బొమ్మకి కుడి చెయ్యంటే దేవుడికి కుడిగానీ చూసేవాళ్ళకి కుడి కాదు గదండీ. ఆ ఫ్యాను మొహం మనవైపు ఉంటుంది, దాని కుడి దానిదే’ అన్నాడు. అతని మాటలో తప్పు పట్టలేకపోయాను. నేను ఎదురుగా నిలబడి నా కుడి అనుకున్నాను.

ఈ రోజు పొద్దున అమలమ్మ పెట్టె తెరిచి నీ డిసెంబరు ఉత్తరం రెండో పేజీ తెచ్చి నా ముందు కూర్చుంది. ఇంక ఒట్టు తీరిందిగా, వినండి అని మొత్తం చదివింది. నీ కుడి సంగతి విన్నాను. దండ సంగతి కూడా విన్నాను. రెండోసారి చదవమన్నాను. కుడి సంగతి కాదు.

బావా, నువ్వు ఆ ఒక్క మాట మింగావని నాకు ఆ రోజే తెలుసు, నీ గొంతు కదలడం చూశాను. చెబుతావని పదకొండేళ్ళు చూశాను. నువ్వు చెప్పాక కూడా రెండు నెలలకు పైగా పెట్టెలో పెట్టించుకున్నది నేనే. ఇక ఎవరిది ఎక్కువ తప్పో లెక్క వెయ్యను.

ఇంకో పంకా చెక్కించాలి. తోక బాగు చెయ్యాలి. ఇంజనుకి నేనొక వైపు నిలబడతాను, నువ్వు రెండో వైపు నిలబడు. నువ్వు రా.

ఇట్లు,
నీ బావ లాజరు

* * *

(అదే కవరులో)

అన్నయ్యకు నమస్కారములు.

అమలమ్మ వ్రాయునది. ఆయన స్టాంపు కోసం లోపలికి వెళ్ళారు, గబగబా రాస్తున్నాను.

పంకా పెట్టె విప్పిన రోజే నాకు తెలుసు అన్నయ్యా. కళ్ళంలో పదిహేనేళ్ళు తూర్పార పట్టే ఫ్యాను తిప్పినదాన్ని. ఇటు తిప్పితే ఊక అవతల పడుతుంది, అటు తిప్పితే మన మొహానే కొడుతుంది. రెక్క వంపు చూస్తే ఎటు తిరగాలో పిల్లలక్కూడా తెలుస్తుంది. ఇంజను ఎటు తిరుగుతుందో నట్లు పట్టుకున్నప్పుడే చూశాను. పైగా నీ రెండో పేజీ చదివి ఉన్నాను.

చెబుదామని నోరు తెరిచాను. నువ్వేం చెప్పకూడదని ఒట్టు వేశావు గదా అన్నారు. సరే అనుకున్నాను. ముందుకి పోని విమానం పైకి కూడా పోదు. ఆయన నేల మీదే ఉంటారు. మొగుడు చెప్పిన మాట వినడం అంత హాయిగా ఎప్పుడూ లేదు. తోక వాము వైపు పెట్టమన్నది ఎండ కోసం కాదు. మెత్తగా ఉంటుందని.

ఆ రెండు రాత్రులూ నిద్ర పట్టలేదు. కొట్టులోకి వెళ్ళి ఆయన మొహం చూసినప్పుడల్లా చెప్పేద్దామనిపించేది. ఇంజను అందుకున్నప్పుడు ఆయన ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. ఆ చప్పుడు నాది కూడా అన్నయ్యా. ఆ నాలుగు నట్లూ పట్టుకున్నది నేను, ఆ పిన్నులు వంచింది నేను. ఒక్కటీ కదల్లేదని ఆయన ఊరంతా చెబుతున్నారు. ఎవరు పట్టుకున్నారో మాత్రం ఎవరికీ చెప్పలేదు. నీకు పదకొండేళ్ళు పట్టింది, ఆయనకి ఎన్నాళ్ళు పడుతుందో చూస్తాను.

నువ్వు తప్పకుండా రా. మీరిద్దరూ ఇంజనుకి అటొకరు, ఇటొకరు నిలబడి కుడీ ఎడమా అని తృప్తిగా పోట్లాడుకోండి, నేను కాఫీ పెడతాను. ఎటు తిరగాలో నన్ను అడిగితే చెబుతాను. అడిగి, నేను చెప్పానని గుడి ముందు పది మందిలో అంటే, వెనక సీటు కూడా ఒకటి పెట్టించుకుని నేనే ఎక్కుతాను.

అడక్కపోతే మాత్రం ఏమీ చెప్పను. రత్తయ్య గారికి ఇంకో వాము కూడా ఉంది.

ఇట్లు,
చెల్లెలు
అమలమ్మ